డెంటల్ చైర్ లేని క్లినిక్కుల్లో ఫిజీషియన్ అసిస్టెంట్లకు నోటి పరీక్ష నేర్పడం ఎలా?

బస్తీ_ట్రైనింగ్:

అందరికీ నమస్తే. పాతబస్తీలోనూ, జగద్గిరిగుట్ట వైపూ ఒక ట్రస్టు నడిపే క్లినిక్కుల్లో పనిచేసే ఫిజీషియన్ అసిస్టెంట్లకు (డాక్టర్ పర్యవేక్షణలో పేషెంట్లను చూసే సిబ్బంది) నోటి ఆరోగ్యం మీద శిక్షణ పెట్టాలి. 20 మంది. బీపీ, షుగర్ పేషెంట్లు, గర్భిణులు, టీకాలకు వచ్చే పిల్లలు, అందరూ ముందు వీళ్ల దగ్గరికే వస్తారు. కానీ నోరు తెరిపించి చూసే అలవాటు లేదు. పన్ను నొప్పి అంటే డాక్టర్‌తో యాంటీబయాటిక్ రాయించి పంపేస్తున్నారు. డెంటిస్టు లేరు, చైర్ లేదు. పెద్ద పనికి అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రికి పంపాలి.

మూడు రోజులు ఇచ్చారు. ఏం నేర్పాలి, ఏం వదిలెయ్యాలి? సామాను ఏం కొనాలి? వాళ్లు చెయ్యకూడని పని ఎక్కడ మొదలవుతుంది?

పళ్లు_చిగుళ్లు (పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ):

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, సిలబస్ అంతా దాని మీదే ఆధారపడుతుంది. చట్టం ప్రకారం రిజిస్టర్ అయిన డెంటిస్టులు తప్ప ఇంకెవరూ దంతవైద్యం చెయ్యకూడదు. 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం ఫిజీషియన్ అసోసియేట్లను (ఫిజీషియన్ అసిస్టెంట్లకే ఇంకో పేరు) గుర్తించింది కానీ పళ్లు పీకడానికి, గార తియ్యడానికి, సిమెంట్ నింపడానికి అది అనుమతి కాదు. కాబట్టి నేర్పాల్సింది చూడటం, గుర్తించడం, ఎంత తొందరగా పంపాలో తేల్చడం, మనిషికి అర్థమయ్యేలా చెప్పడం. ఇవి సరిగ్గా వస్తే చాలా మేలు జరుగుతుంది.

సామాను తక్కువే. తలకు కట్టుకునే ఎల్ఈడీ లైటు (రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, ఫోన్ టార్చితో పని జరగదు), మౌత్ మిర్రర్లు, చెక్క స్పాచులాలు, రెండంగుళాల గాజు గుడ్డ (గాయాలకు కట్టే పలుచని జాలీ గుడ్డ) ముక్కలు, గ్లవ్స్, మిల్లీమీటర్లున్న చిన్న ప్లాస్టిక్ స్కేలు. పూటకు 25 మందిని చూస్తే 30 మిర్రర్లు ఉండాలి. లేకపోతే మధ్యలో స్పిరిట్‌తో తుడిచి మళ్లీ వాడటం మొదలవుతుంది, అది కుదరదు. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీలు, 15 పౌండ్ల ప్రెషర్, 20 నిమిషాలు, పౌచ్‌లో పెడితే 30. ఆటోక్లేవ్ లేని క్లినిక్కులో మిర్రర్ల జోలికి పోకండి. రెండు స్పాచులాలతో బుగ్గలు పక్కకు లాగి చూడొచ్చు.

మొనదేలిన ప్రోబ్ కిట్‌లో పెట్టొద్దు. మెత్తబడ్డ ఎనామెల్‌ను దానితో గుచ్చితే పైపొర విరిగి, తిరిగి గట్టిపడే అవకాశం ఉన్న మచ్చ కాస్తా గుంట అవుతుంది. కన్నూ, గాజు గుడ్డా చాలు. పన్ను తుడిచి ఆరబెడితేనే తొలి దశ తెల్ల మచ్చ కనబడుతుంది, తడిగా ఉంటే కనబడదు. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

మొదటి రోజు పొద్దున్నే క్లాసు ముగించెయ్యండి. మధ్యాహ్నం ఒకరి నోరు ఒకరు చూడాలి. రెండో రోజు ఓపీలో ఒక్కొక్కరూ కనీసం పదిహేను మందిని డెంటిస్టు పక్కనుండగా చూడాలి. మూడో రోజు ఫొటో పరీక్ష, పెద్దాసుపత్రికి పంపే చీటీ రాయడం, పేషెంటుకు అర్థమయ్యేలా చెప్పడం. ఫొటోల్లో సగం మామూలువే పెట్టండి. బుగ్గ లోపల పళ్ల వరుస వెంబడి వచ్చే తెల్ల గీత, ఫోర్డైస్ గింజలు (పెదవి, బుగ్గల మీద ఉండే చిన్న పసుపు చుక్కలు), పటం గీసినట్టుండే నాలుక, అంగిట్లో ఎముక బొడిపె, పై రెండో దవడ పన్ను ఎదురుగా లాలాజల గ్రంథి నోరు, నాలుక వెనక అంచుల్లో ఉండే మామూలు గుబ్బలు: ఇవి తెలియకపోతే మొదటి నెలంతా ఆరోగ్యంగా ఉన్నవాళ్లనే అఫ్జల్‌గంజ్ పంపిస్తారు. ఆ తర్వాత అక్కడివాళ్లు మీ చీటీని సీరియస్‌గా తీసుకోరు.

నోటి_స్క్రీనింగ్ (ఓరల్ మెడిసిన్):

పై మాటకు కలుపుతాను. హైదరాబాద్ బస్తీల్లో పళ్ల కంటే ముందు చూడాల్సింది గుట్కా, జర్దా, వక్క చేసే పని. అంటువ్యాధులు కాని జబ్బుల జాతీయ కార్యక్రమంలో కూడా 30 దాటిన వాళ్లందరికీ బీపీ, షుగర్‌తో పాటు నోటి క్యాన్సర్ స్క్రీనింగ్ ఉంది. షుగర్ చూడటం అవుతోంది, నోరు చూడటం కాగితం మీదే టిక్కు పడుతోంది.

అడిగే పద్ధతి నేర్పండి. "పొగాకు వాడతారా?" అంటే "లేదండీ" అనే జవాబొస్తుంది, ముఖ్యంగా ఆడవాళ్ల నుంచి. "నోట్లో ఏం పెట్టుకుంటారమ్మా? వక్క, పాన్, ఖైనీ, గుట్కా? పళ్లు దేనితో తోముకుంటారు?" అని అడగాలి. గుల్ పొడి, గుడాకు పేస్టు లాంటి పొగాకుతో పళ్లు తోముకునేవాళ్లు తాము పొగాకు వాడుతున్నామని అనుకోరు. జవాబు వచ్చాక "ఏ వైపు పెట్టుకుంటారు?" అని కూడా అడగండి. మచ్చ ఎక్కువగా ఆ వైపు బుగ్గకూ చిగురుకూ మధ్య సందులోనే దొరుకుతుంది. పెదవి, బుగ్గ పూర్తిగా వెనక్కి లాగకపోతే ఆ సందు కనబడదు.

పరీక్షకు ముందు కట్టుడు పళ్లు తీయించండి, నీళ్లతో పుక్కిలించమనండి, లేకపోతే పాన్ మరకే అన్నీ దాచేస్తుంది. మెడ, దవడ కింద గడ్డలు తడమడంతో మొదలుపెట్టి పెదవులు, బుగ్గలు, ఆ సందులు, చిగుళ్లు, తర్వాత నాలుక. నాలుక కొసను గాజు గుడ్డతో పట్టి ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు లాగి అంచులు వెనకదాకా చూడాలి. "నాలుక చాపండి" అని పైపైన చూసి వదిలేస్తే అంచుల వెనక ఉన్న పుండు తప్పిపోతుంది. నాలుక పైకెత్తమని కింది భాగం, తల వెనక్కి వంచి అంగిలి. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చిన పెద్దవాళ్లలో అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని) తాగే అలవాటు ఉంటే అంగిలి మీద ఇంకాస్త ఆగండి, నిప్పు వేడి తగిలేది అక్కడే. చివర్లో ఒక వేలు నోట్లో, ఇంకో చేయి దవడ కింద పెట్టి తడమాలి. చేయి తిరిగాక మొత్తం మూడు నిమిషాలకు మించదు.

నోరు ఎంత తెరుచుకుంటుందో ప్రతి వక్క మనిషికీ స్కేలుతో కొలిచి రాయండి, పై ముందు పన్ను అంచు నుంచి కింది ముందు పన్ను అంచుదాకా. 35 మిల్లీమీటర్ల కంటే తక్కువుంటే, బుగ్గ పాలిపోయి లోపల తీగల్లా గట్టిగా తగిలితే, కారం తింటే మంట అంటే, సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ (వక్క వల్ల నోటి లోపలి పొర బిగుసుకుపోయే జబ్బు) అనుకుని పంపాలి. పోయిన మెత్తదనం మాత్రలతో పూర్తిగా తిరిగిరాదు, వక్క మానేస్తే ఇంకా బిగుసుకోవడం నెమ్మదిస్తుంది. అంకె రాసి ఉంటే ఆరు నెలల తర్వాత తేడా తెలుస్తుంది. "కొంచెం తక్కువ" అని రాస్తే ఏమీ తెలియదు.

రెండు వారాలు దాటినా మానని పుండు, గీకితే రాని తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, గట్టి గడ్డ, కారణం లేకుండా కదిలే పన్ను, పెదవి తిమ్మిరి: వీటిలో ఏది కనిపించినా ఆ వారంలోనే బయాప్సీకి (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) పోవాలి. ఎర్ర మచ్చను తెల్లదాని కంటే తీవ్రంగా తీసుకోండి. ఇంకొకటి: పన్ను నొప్పికి ఆస్ప్రిన్ మాత్ర చిగురు మీద నొక్కి పెట్టుకునే వాళ్లున్నారు, అక్కడ చర్మం కాలి తెల్లగా అవుతుంది. అది అడిగి తెలుసుకుని, మానిపించి, రెండు వారాల తర్వాత మళ్లీ చూడండి. పోకపోతే పంపండి.

మానాలనుకునే వాళ్లకు జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356, ఉచితం. నంబర్ చీటీ మీద అచ్చు వేయించండి.

బస్తీ_ట్రైనింగ్:

చాలా థ్యాంక్స్ సార్, మేడం. ఇంకో మూడు అడుగుతాను. నొప్పితో వచ్చినవాళ్లకు క్లినిక్‌లో ఏం ఇవ్వాలి? పిల్లలకు ఫ్లోరైడ్ వార్నిష్ పెట్టొచ్చా? హయత్‌నగర్ వైపు క్లినిక్కుకు నల్గొండ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు చాలా వస్తాయి, వాళ్లు ఫ్లోరైడ్ పేరు వింటేనే భయపడతారు.

పళ్లు_చిగుళ్లు:

నొప్పి సంగతి. వాపు లేదు, జ్వరం లేదు, చల్లటికి వేడికి జివ్వుమంటోంది, రాత్రి నిద్రపట్టట్లేదు అంటే లోపలి నరం వాచిందని. దానికి యాంటీబయాటిక్ పనిచెయ్యదు, పన్ను తెరవాలి లేదా తియ్యాలి. అప్పటిదాకా పెద్దవాళ్లకు తిన్నాక ఐబుప్రోఫెన్ 400, పారాసెటమాల్ 500, డాక్టర్ చూసి రాసినట్టు. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, రక్తం పలచబడే మందులు, గర్భం ఉంటే ఐబుప్రోఫెన్ వద్దు. పన్ను తీయించుకోవడానికని క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబడే మందులు సొంతంగా ఆపొద్దని గట్టిగా చెప్పాలి.

రెండు దవడల కిందా వాపు, నాలుక పైకి లేచినట్టుండటం, చొంగ, మింగలేకపోవడం, జ్వరం: దీన్ని డెంటల్ ఓపీకి పంపొద్దు. ఊపిరి దారి మూసుకుపోయే ప్రమాదం ఉంది. కూర్చోబెట్టే ఉంచి, పడుకోబెట్టకుండా, 108లో ఉస్మానియా లేదా గాంధీ ఎమర్జెన్సీకి.

వార్నిష్ గురించి. అమెరికాలో ఫిజీషియన్ అసిస్టెంట్లు, నర్సులు పిల్లల చెకప్‌లోనే పెడతారు, మెడికెయిడ్ (అక్కడ పేదలకున్న ప్రభుత్వ ఆరోగ్య బీమా) అన్ని రాష్ట్రాల్లోనూ డబ్బు చెల్లిస్తుంది. ఇక్కడ ఒక డెంటిస్టు రాసిచ్చిన లిఖిత సూచన, క్లినిక్ డాక్టర్ పర్యవేక్షణ లేకుండా మొదలుపెట్టకండి. 5 శాతం సోడియం ఫ్లోరైడ్, పాలపళ్ల పిల్లలకు 0.25 మిల్లీలీటర్ల ఒక్క డోసు ప్యాకు. పిల్లను తల్లి ఒళ్లో తల్లికి ఎదురుగా కూర్చోబెట్టి, తలను మీ ఒళ్లోకి వాల్చాలి, మోకాళ్లు మోకాళ్లు ఆనేలా. గాజు గుడ్డతో తుడిచి, బ్రష్‌తో పలుచగా రాయాలి. ఉమ్మి తగలగానే గట్టిపడుతుంది. ఆ రోజు గట్టి తిండి, వేడి పాలు వద్దు, బ్రష్ మర్నాడు. మూడు నుంచి ఆరు నెలలకోసారి. నోట్లో పుండ్లున్నా, వార్నిష్‌లోని రెసిన్ (చెట్టు జిగురు) పడదన్నా పెట్టొద్దు.

నల్గొండ కుటుంబాల భయం అర్థం చేసుకోదగ్గదే, దాన్ని కొట్టిపారేయొద్దు. పళ్ల మీద మరక వచ్చేది పళ్లు తయారయ్యే వయసులో రోజూ మింగిన నీళ్ల వల్ల. ఆ 0.25 మిల్లీలీటర్లలో ఉండేది ఆరు మిల్లీగ్రాముల లోపు ఫ్లోరైడ్, అదీ కొన్ని నెలలకోసారి, పంటి పైన. అయినా ఇప్పటికీ బోరు నీళ్లే తాగుతుంటే ముందు నీళ్ల పరీక్ష చేయించండి: లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, 1.5 దాటకూడదు. ఒప్పుకోని తల్లిని బలవంతపెట్టొద్దు.

తేడా కూడా చూపించండి: ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే) మచ్చ రెండు వైపులా ఒకేలా, అడ్డగీతల్లా ఉంటుంది. పుచ్చు మొదలయ్యే తెల్ల మచ్చ చిగురు పక్కనే, పాచి కింద, సుద్దలా మెరుపు లేకుండా ఉంటుంది.

రిఫరల్_డెస్క్:

శిక్షణ ఎంత బాగున్నా పని ఆగేది చీటీ తర్వాతే. జగద్గిరిగుట్ట నుంచి అఫ్జల్‌గంజ్ పోవాలంటే ఒక రోజు కూలీ పోతుంది. పోయినవాళ్లు ఏ గదికో తెలియక తిరిగొస్తారు. చీటీలో "డెంటల్" అని మాత్రమే రాస్తే అంతే. విభాగం పేరు (మచ్చ, పుండు అయితే ఓరల్ మెడిసిన్, పిల్లలైతే పీడోడాంటిక్స్), నోట్లో ఎక్కడ, ఎంత సైజు, ఎన్ని వారాలు, నోరు ఎన్ని మిల్లీమీటర్లు తెరుచుకుంది, చివరి షుగర్ అంకె, వాడుతున్న మందులు రాయాలి. బీపీకి ఆమ్లోడిపిన్ వాడేవాళ్ల చిగుళ్లు ఉబ్బితే ఆ మాట చీటీలో ఉండాలి, మందు మార్చేది మీ డాక్టరే.

చిగుళ్ల నుంచి చీము, రక్తం, కదిలే పళ్లు ఉన్న షుగర్ పేషెంట్లకు "పళ్లు బాగుచేయించుకుంటే షుగర్ అదుపుకూ మేలు" అని చెప్పండి, పోయేవాళ్లు పెరుగుతారు. గర్భిణులను నాలుగు నుంచి ఆరో నెల మధ్య పంపితే కుర్చీలో పడుకోవడం తేలిక.

రిజిస్టర్‌లో మూడు గళ్లు చాలు: పంపిన తేదీ, ఏడో రోజు ఫోన్‌లో పోయారా లేదా, అక్కడ ఏం తేల్చారు. క్యాన్సర్ అనుమానం ఉన్నవాళ్లకు మూడో రోజే ఫోన్. తేలితే ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి ఆధార్, రేషన్ కార్డు, బయాప్సీ రిపోర్టు మూడూ పట్టుకుపోవాలి. ఇంట్లో ఒకరిని తోడు పంపించమనండి, చాలామంది ఒంటరిగా పోయి రిపోర్టు తీసుకోకుండానే వచ్చేస్తారు.

మూడో గడి ఖాళీగా ఉన్న పేర్లు నెలకోసారి ఆ బస్తీ ఆశా కార్యకర్తకు ఇవ్వండి.