అప్‌డేట్: స్కార్పియో వెళ్లింది, ఫ్రాంక్స్ వచ్చింది

పదిహేనేళ్లు నిండుతున్న మా డీజిల్ స్కార్పియోకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలా, అమ్మేసి చిన్న క్రాసోవర్ (ఎస్‌యూవీలా కనిపించే కారు) కొనాలా అని అడిగాను కదా. మారుతి ఫ్రాంక్స్ 1.2 లీటర్ పెట్రోల్ తీసుకున్నాం.

నిజానికి మారుతిదే బ్రెజ్జా మీద మనసుండేది. కానీ 2025 సెప్టెంబర్ 22 నుంచి పెట్రోల్ కార్లలో 18 శాతం జీఎస్టీ అనేది పొడవు నాలుగు మీటర్లు, ఇంజన్ 1200 సీసీ దాటని వాటికే. బ్రెజ్జాది 1462 సీసీ, అంటే 40 శాతం. అక్కడితో తేలిపోయింది.

ఘాట్ ఎక్కుతుందా అని కొందరు అనుమానపడ్డారు. విజయనగరం నుంచి సాలూరు ఘాట్ మీదుగా కొరాపుట్ వెళ్లొచ్చాం, ఐదుగురం, ఏసీ వేసుకునే. మలుపుల్లో థర్డ్ గేర్‌లో నీరసపడుతుంది, సెకండ్‌కి దించితే గొణుక్కుంటూ ఎక్కేస్తుంది. డీజిల్ లాగుడు మాత్రం మర్చిపోవాల్సిందే.

మోకాళ్ల నొప్పులతో అమ్మ స్కార్పియో ఎక్కాలంటే పైన హ్యాండిల్ పట్టుకుని వేలాడేది. ఇప్పుడు నేరుగా కూర్చుంటోంది. నాన్నకేమో వెనక సీట్లో టాప్ తలకి తగులుతోందట! డిక్కీ 308 లీటర్లే కాబట్టి ఊరి నుంచి బియ్యం బస్తాలు తేవడమూ బంద్.

పాతది పార్వతీపురం వైపు వాళ్లు తీసుకున్నారు. ఓనర్ పేరు మార్చడానికి ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలయ్యాయి. ఆర్సీలో పేరు మారేదాకా టెన్షనే.