నల్గొండ బోరు నీళ్లకు ఆర్కిడ్ బతుకుతుందా?

నల్గొండ మిద్దెతోట:
హైదరాబాద్ నుంచి ఫెలనాప్సిస్ తెచ్చి రెండు నెలలైంది. నా మొదటి ఆర్కిడ్. పూలున్నన్ని రోజులు బాగానే ఉంది. ఇప్పుడు ఆకులు ముడతలు పడి వేలాడుతున్నాయి. రోజూ బోరు నీళ్లే పోస్తున్నా. "ఫ్లోరైడ్ నీళ్లకు మనుషుల ఎముకలే వంగినయి, ఈ మొక్కెంత" అంటున్నాడు మా ఆయన. నీళ్లదేనా తప్పు?

మిర్యాలగూడ రైతుబిడ్డ:
నీళ్లదే. మా కుండీల అంచులకు తెల్లగా ఉప్పు పేరుకుంటది. ఆ ఉప్పుకు ఆర్కిడ్ వేళ్ల కొసలు మాడిపోతాయి. వాన నీళ్లు పట్టుకోండి, లేకుంటే ఆర్వో నీళ్లు పోయండి.

పాలమూరు పూలక్క:
ఏం జరిగినా ఫ్లోరైడ్ మీదికి తోసేయడం మనకు అలవాటైంది. బోరు నీళ్లు మంచివని నేనూ అనను. కానీ "రోజూ" అన్న మాట ఎవరూ చూడలేదా? ఇది చెట్ల కొమ్మలను పట్టుకుని పెరిగే జాతి, వేళ్లకు గాలి ఆడాలి. వేళ్లు కుళ్లితే నీళ్లు పీల్చుకోలేక ఆకులు ముడుచుకుంటాయి. మనం దాహమనుకుని ఇంకో చెంబు పోస్తాం! వేళ్లు పచ్చగా ఉంటే తడి ఉన్నట్టు, వెండి రంగుకు తిరిగాకే నీళ్లు పోయాలి. ఇంతకీ దేంట్లో నాటారు?

నల్గొండ మిద్దెతోట:
ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొంచెం ఇసుక. గులాబీలకు కలిపినట్టే. కుండీలో వచ్చిన చెక్కముక్కలు చెత్త అనుకుని పారేశా.

పాలమూరు పూలక్క:
అయ్యో! ఆ చెత్తే దాని ఇల్లు. ఇక నీళ్లతో పనేముంది, మట్టే చంపుతోంది.

మిర్యాలగూడ రైతుబిడ్డ:
మట్టి తప్పే, ఒప్పుకుంటా. కానీ నీళ్లను అంత తేలిగ్గా వదలను. అక్కా, ఫిల్టర్ పైపు నుంచి వచ్చే వేస్ట్ నీళ్లేమైనా పోస్తున్నారా?

నల్గొండ మిద్దెతోట:
అవును, పారబోయడానికి మనసొప్పక బకెట్లో పడతా. అవీ బోరు నీళ్లేగా?

మిర్యాలగూడ రైతుబిడ్డ:
బోరు నీళ్ల కంటే అన్యాయం. మనం తాగే నీళ్లలోంచి తీసిన ఉప్పంతా వాటిలోకే పోతుంది. ఇల్లు తుడవడానికి వాడండి. ఇంకో మాట, పటిక, సున్నం వేసి తేర్చే మన "నల్గొండ పద్ధతి" ఫ్లోరైడ్‌ను తగ్గిస్తుంది గానీ మిగతా ఉప్పులను తియ్యదు. ఏసీ నుంచి కారే నీళ్లు నయం.

దేవరకొండ వాసి:
మీ ఇద్దరూ ఎండ సంగతే మరిచిపోయారు. మేలో 44 డిగ్రీలు కాసే ఊళ్లో ఫెలనాప్సిస్ ఎందుకు? వేడికి కొంత ఆగే డెండ్రోబియంతో మొదలుపెట్టాల్సింది. మన చెట్ల మీద పెరిగే వాండా ఆర్కిడ్ కూడా ఉంది. అట్లని నల్లమల నుంచి పీక్కొస్తారేమో, అమ్రాబాద్ పులుల అభయారణ్యం, కేసవుతుంది.

పాలమూరు పూలక్క:
ఎండకు భయపడితే మనం ఏ మొక్కా పెంచలేం. నా ఫెలనాప్సిస్ నాలుగు ఎండాకాలాలు చూసింది. కూలర్ ఉన్న గదిలో, గాలి నేరుగా తగలని మూలన, నేరుగా ఎండ పడని కిటికీ దగ్గర ఉంటుంది.

దేవరకొండ వాసి:
కరెంటు పోతే?

పాలమూరు పూలక్క:
పోతే నేనూ చెమటలు కక్కుతా, అదీ కక్కుతుంది.

నల్గొండ మిద్దెతోట:
ఇప్పుడే పీకి చూశా. మూడు వేళ్లు గట్టిగా ఉన్నాయి, మిగతావన్నీ పట్టుకుంటే తోలు జారిపోయింది. కుళ్లినవి కోసేసి, చెక్కముక్కలు, బొగ్గు తెప్పిస్తున్నా. మా ఆయన మాత్రం ఇంకా ఫ్లోరైడే అంటున్నాడు.