హెరాల్డ్ ఇంజను: థ్రస్ట్ వాషరు కింది సగాన్ని మెయిన్ క్యాప్‌కు పిన్నులతో బిగించవచ్చా?

ప్రశ్న (నల్గొండ)

అందరికీ నమస్కారం. మా నాన్నగారు వాడిన స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఇంజనును (948 సీసీ) నల్గొండలోనే విప్పించి పని చేయిస్తున్నాను. నిరుడు దీనికి అడాప్టర్ ప్లేటు చేయించి, వేరే బండి అయిదు గేర్ల గేర్‌బాక్సును, దానితోపాటు గట్టి స్ప్రింగు గల ప్రెషర్ ప్లేటును (క్లచ్ ప్లేటును నొక్కి పట్టే భాగం) వేయించాను. ఆ తర్వాత బండి తిరిగింది 1,500 కిలోమీటర్లకు మించదు. సంక్రాంతి రద్దీలో పంతంగి టోల్ దగ్గర వరుసలో నిలబడినప్పుడు, క్లచ్ తొక్కిన ప్రతిసారీ ఇంజను వేగం తగ్గిపోవడం, ముందున్న పుల్లీ స్పష్టంగా ముందుకు జరగడం గమనించాను.

ఛాంబరు (ఇంజను అడుగున ఉండే ఆయిలు తొట్టి) దించి డయల్ గేజ్ పెట్టి చూస్తే క్రాంక్ ప్లే, అంటే క్రాంకు ముందుకూ వెనక్కూ జరిగే దూరం, 27 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), దాదాపు 0.7 మి.మీ. వచ్చింది. ఈ ఇంజనులో థ్రస్ట్ వాషర్లు (క్రాంకు ముందుకూ వెనక్కూ ఎక్కువ జరగకుండా ఆపే సగం వలయాకారపు బిళ్లలు) వెనుక మెయిన్ బేరింగుకు అటొకటి ఇటొకటి, బ్లాకు వైపు మాత్రమే ఉంటాయని, క్యాప్ (బేరింగును కింది నుంచి పట్టి ఉంచే ముక్క) వైపు కింది సగాలు ఉండవని మీకు తెలిసే ఉంటుంది. ముందు వైపు వాషరు దాదాపు కొత్తదానిలా ఉంది. ఫ్లైవీల్ వైపుది మాత్రం బాగా అరిగిపోయింది. ఇంకొంత అరిగితే అది జారి ఛాంబరులో పడి, క్రాంకు నేరుగా బ్లాకునే ఒరుసుకుంటుందని భయంగా ఉంది. అందుకే క్యాప్‌ను మిల్లింగ్ చేయించి, కింది సగాలను కూడా పెట్టించి, పిన్నులతో బిగించాలనుకుంటున్నాను. మా లేత్ ఆయన 4 మి.మీ. ఉక్కు పిన్నులను వాషరు ముఖంతో సమంగా కొడతానంటున్నారు. ఇది సరైన పద్ధతేనా?

జవాబు (మిర్యాలగూడ)

నమస్కారమండీ. రైస్ మిల్లుల ఇంజన్లు, ట్రాక్టర్ క్రాంకులు ముప్పై ఏళ్లుగా చేస్తున్న షెడ్డు మాది. మీ ఆలోచన మంచిదే, కానీ పిన్ను విషయంలో మీ లేత్ ఆయన మాటను దయచేసి ఒప్పుకోవద్దు. పిన్ను వాషరుతో సమంగా ఉంటే, వాషరు రెండు థౌ అరిగిన రోజు నుంచే ఉక్కు మీద ఉక్కు ఆడుతుంది, క్రాంకు భుజం (వాషరు ఒరుసుకునే ముఖం) మీద గీత పడుతుంది. వాషరు పోతే కొత్తది దొరుకుతుంది, భుజం పోతే మళ్లీ గ్రైండింగ్ చేయించి ఓవర్‌సైజు వాషర్లు వెతుక్కోవాలి. ఇత్తడి పిన్నులు వాడండి. వాటి తల వాషరులోని ఆయిలు గాడి అడుగుకంటే కిందికే ఉండాలి. క్యాప్ పోత ఇనుముది కాబట్టి 3 మి.మీ. రంధ్రం చాలు, అది బోల్టు రంధ్రాలకు దూరంగా ఉండాలి, లోపల బేరింగ్ షెల్లు కూర్చునే చోటిదాకా పోకూడదు. గట్టిపడే జిగురు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, వేడి ఆయిలులో అది ఎన్నాళ్లు పట్టుకుంటుందో ఎవరూ పూచీ ఇవ్వలేరు.

అన్నిటికన్నా కష్టమైనది మిల్లింగే. పై సగం, కింది సగం ఒకే తలంలో ఉండాలి. కింది సగం ఒక్క థౌ పైకి లేచినా బరువంతా దాని మీదే పడుతుంది, పై సగం ఊరికే ఉంటుంది. క్యాప్‌ను విడిగా కొలిచి గాడి వేయడం కాకుండా, బ్లాకుకు బిగించి, రెండు వైపులా పై సగం కూర్చునే తలం నుంచి కొలత తీసుకుని వేయించండి. నాలుగు సగాలూ ఒకే మందంలో ఉన్నాయో లేదో మైక్రోమీటరుతో చూడండి, ఒకే డబ్బాలో వచ్చినవే అయినా సరే.

జవాబు (మహబూబ్‌నగర్)

పై జవాబులో చెప్పిన పని పద్ధతితో నాకు పూర్తి అంగీకారం ఉంది. అయితే మీ ప్రశ్నలో నన్ను ఆపిన మాట మరొకటి: 1,500 కిలోమీటర్లు. గట్టి స్ప్రింగు వల్ల క్లచ్ తొక్కినప్పుడు క్రాంకు మీద తోపు పెరిగే మాట నిజమే, కానీ తొక్కినంతసేపే ఆ తోపు ఉంటుంది. ఇంత తక్కువ దూరంలో ఒక్క వైపే ఇంత అరిగిందంటే, క్రాంకును ఏదో ఒకటి నిరంతరం ముందుకు నెడుతోందని నా అనుమానం. గేర్‌బాక్సు మార్చిన బండ్లలో మొదట చూడవలసింది ఇన్‌పుట్ షాఫ్టు (గేర్‌బాక్సు నుంచి ఇంజను వైపు ముందుకు వచ్చే కడ్డీ) కొన. అడాప్టర్ ప్లేటు కొంచెం పలచనైతే, ఆ కొన, తాను కూర్చునే క్రాంకు వెనుక బుష్ గుంత అడుగును తాకుతుంది. గేర్‌బాక్సు బోల్టులు బిగించే కొద్దీ అది క్రాంకును ముందుకు తోస్తూ ఉంటుంది. అలాంటప్పుడు నాలుగు సగాలు పెట్టి పిన్నులు కొట్టినా వాషర్లు జారిపోకుండా ఉంటాయే తప్ప, అరగడం ఆగదు.

చూసే పద్ధతి సులువే. క్రాంకును ఫ్లైవీల్ వైపుకు పూర్తిగా లాగి పెట్టండి. ముందు వైపు వాషరు అరగలేదు కాబట్టి అది ఉండవలసిన చోటుకే వస్తుంది. అడాప్టర్ ప్లేటు ముఖం నుంచి బుష్ గుంత అడుగుదాకా లోతు కొలవండి. తర్వాత బెల్‌హౌసింగ్ (గేర్‌బాక్సు ముందుండే, క్లచ్‌ను కప్పే గుల్ల) ముఖం నుంచి షాఫ్టు కొన ఎంత ముందుకు వచ్చిందో కొలవండి. లోతు ఎక్కువగా, కొన తక్కువగా ఉండాలి, వాటి మధ్య కనీసం రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. కొలతల మీద నమ్మకం లేకపోతే గుంతలో పిల్లలు ఆడుకునే రంగు మట్టి ముద్ద పెట్టి, గేర్‌బాక్సు బిగించి విప్పి, మిగిలిన మందం చూడండి.

జవాబు (జడ్చర్ల)

క్లచ్ పెడలుకు కొంత ఖాళీ ఆట ఉందో లేదో కూడా చూడండి. అది లేకపోతే రిలీజ్ బేరింగు (పెడలు తొక్కినప్పుడు క్లచ్‌ను నొక్కేది) ఎప్పుడూ తాకుతూనే ఉంటుంది. టోల్ వరుసల్లో గేరు వేసి క్లచ్ తొక్కి నిలబడకుండా న్యూట్రల్‌లో పెట్టడం అలవాటు చేసుకోండి. మరో చిన్న మెరుగు: వెనుక మెయిన్ బేరింగ్ షెల్లు అతుకు దగ్గర, ఫ్లైవీల్ వైపు అంచును సన్నని ఆకురాయితో కొద్దిగా ఏటవాలు చేస్తే ఆ సందులోంచి ఆయిలు థ్రస్ట్ ముఖానికి నేరుగా అందుతుంది. ఎక్కువ చేయవద్దు, ఆయిలు ప్రెషరు తగ్గుతుంది.

ప్రశ్న అడిగినవారు (నల్గొండ)

మహబూబ్‌నగర్ మిత్రులు అనుమానించిందే నిజమైంది. షాఫ్టు కొన మీద మెరిసే వలయం గుర్తు ఉంది. కొలిచి చూస్తే గుంత లోతుకంటే షాఫ్టే అర మిల్లీమీటరు పొడుగుంది. నేను ఇన్నాళ్లూ వాషరు గురించే ఆలోచించి, నేనే వేయించిన గేర్‌బాక్సును ఒక్కసారి కూడా అనుమానించలేదు. ఇప్పుడు ప్లేటు మందం పెంచాలా, షాఫ్టు కొన తగ్గించాలా?

జవాబు (మహబూబ్‌నగర్)

మీ కొలతలు ఒకదానికొకటి దాదాపు సరిపోతున్నాయి. పూర్తిగా వెనక్కి లాగిన చోటు నుంచి క్రాంకును షాఫ్టు తోయగలిగేది అర మిల్లీమీటరు, అంటే దాదాపు 20 థౌ. మీకు వచ్చిన 27 థౌ ప్లేలో ఎక్కువ భాగం దానిదే, మిగతాది క్లచ్ తోపు వల్ల అయి ఉండవచ్చు. ప్లేటు మందం పెంచితే క్లచ్ ప్లేటు స్ప్లైన్ల (షాఫ్టు మీది పళ్ల) పట్టు, రిలీజ్ బేరింగు దూరం రెండూ మారతాయి, అందువల్ల కొననే రెండున్నర మిల్లీమీటర్లు తగ్గించండి. అది గట్టిపరచిన ఉక్కు కాబట్టి గ్రైండింగ్ చేయించాలి, వేడెక్కకుండా నీళ్లు పోస్తూ చేయమనండి.

జవాబు (మిర్యాలగూడ)

బిగించేటప్పుడు వాషర్ల గాడులు క్రాంకు వైపుకే ఉండాలి. తిరగేసి పెట్టిన బండ్లు మా షెడ్డుకు ఇప్పటికీ వస్తుంటాయి. క్యాప్ బోల్టులను ముందు చేతి బిగువుకే పెట్టి, క్రాంకును ముందుకూ వెనక్కూ రెండు మూడుసార్లు తోస్తే పై, కింది సగాలు ఒక వరుసలోకి వస్తాయి. అప్పుడు పూర్తి బిగువు ఇవ్వండి. 4 నుంచి 8 థౌ మధ్య ప్లే వచ్చిందని డయల్ గేజ్ చూపాకే ఛాంబరు ఎక్కించండి. గేర్‌బాక్సు బిగించాక పుల్లీ దగ్గర మరొకసారి కొలవండి. బిగించక ముందు, బిగించిన తర్వాత ఒకే అంకె రావాలి. తగ్గితే షాఫ్టు ఇంకా తాకుతున్నట్టే, స్టార్టు చేయవద్దు.