గో స్ట్రక్ట్‌లో డిఫాల్ట్ విలువలు: సున్నా కూడా సరైన విలువే అయితే ఎలా?

మధురవాడ_డెవ్
విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గరి కోల్డ్ స్టోరేజీ గదుల సెట్టింగులను జేసన్ ఫైలు నుంచి చదివే గో ప్రోగ్రామ్ ఇది. ఫైల్లో టెంపరేచర్ లేకపోతే మైనస్ 18 తీసుకోవాలి, అలారం ట్రూ కావాలి. స్ట్రక్ట్ (ఫీల్డులన్నీ కలిపిన టైపు) డిక్లేర్ చేసేచోటే విలువ రాయడానికి గోలో వీల్లేదు కాబట్టి, చదివాక "0 ఉంటే మైనస్ 18 పెట్టు" అనే చెక్ ఉంది. తాజా చేపలను ఐసులో ఉంచే గదికి 0 అనే రాసి ఉంటే అదీ మైనస్ 18 అయిపోతోంది. అలారం ఫాల్స్ అని రాసినా ట్రూ అవుతోంది. ఏం చేయాలండీ?

సీతమ్మధార_గో
ముందు ఆ చెక్ తీసేయండి. ఏ ఫీల్డయినా తన టైపు సున్నా విలువతోనే మొదలవుతుంది: అంకెకు 0, బూల్‌కు ఫాల్స్. చదివేశాక చూస్తే, 0 అని రాశారో అసలు రాయలేదో తేల్చుకునే దారి ఉండదు. డిఫాల్ట్‌లు ముందే నింపాలి. న్యూరూమ్ అని ఒక ఫంక్షన్ రాసి, మైనస్ 18, ట్రూ పెట్టిన స్ట్రక్ట్‌ను రిటర్న్ చేయండి. జేసన్‌ను చదివి స్ట్రక్ట్‌లో నింపే అన్‌మార్షల్ ఫంక్షన్‌కి దాని అడ్రస్‌నే ఇవ్వండి. ఫైల్లో లేని ఫీల్డు జోలికి అది పోదు. నల్ అని ఉన్నా మీ డిఫాల్టే మిగులుతుంది.

మధురవాడ_డెవ్
ఒక్క గదికి సరిపోయింది. గదుల స్లైస్ (వరుస జాబితా) చదివితే మళ్లీ 0 వస్తోంది.

గాజువాక_బ్యాకెండ్
స్లైస్‌లో ఒక్కో గదినీ అన్‌మార్షలే సున్నా విలువలతో తయారు చేసుకుంటుంది, న్యూరూమ్ సంగతి దానికి తెలియదు. మ్యాప్‌లోనూ అంతే. రూమ్ టైపుకే, పాయింటర్ రిసీవర్‌తో, అన్‌మార్షల్‌జేసన్ మెథడ్ రాయండి. అందులో రూమ్ ఆధారంగా ప్లెయిన్ అని కొత్త టైపు డిక్లేర్ చేసి, న్యూరూమ్ ఇచ్చినదాన్ని ఆ టైపుకి మార్చి, అందులోకి చదవండి. ఎర్రర్ లేకపోతేనే రూమ్‌లో వేయండి. కొత్త టైపుకి ఫీల్డులు వస్తాయి, మెథడ్లు రావు. నేరుగా రూమ్‌లోకే చదివితే మెథడ్ తనను తానే పిలుచుకుంటూ పోయి స్టాక్ ఓవర్‌ఫ్లోతో ప్రోగ్రామ్ పడిపోతుంది. ఈక్వల్ గుర్తు పెట్టి అలియాస్‌గా రాసినా ఇదే గతి, ఎందుకంటే అలియాస్ అంటే అదే టైపు.

సీతమ్మధార_గో
విలువ రాయకపోతే నిల్ (ఖాళీ)గా ఉండే పాయింటర్ ఫీల్డు పెట్టమని ఎవరైనా చెబుతారు. "ఇది డిఫాల్ట్" అని స్క్రీన్ మీద చూపించాల్సి ఉంటేనే దాని జోలికి వెళ్లండి. వాడే ప్రతిచోటా నిల్ చెక్ కావాలి, ఒక్కచోట మరిచినా పానిక్ వచ్చి ప్రోగ్రామ్ పడిపోతుంది.

దానికన్నా ప్రమాదం ఫీల్డు పేరులో అక్షరం తప్పడం. ఎర్రర్ రాదు, మైనస్ 18 వచ్చేస్తుంది, తాజా చేప గడ్డకడుతుంది. డీకోడర్‌లో డిస్‌అలౌ‌అన్‌నోన్‌ఫీల్డ్స్ ఆన్ చేయండి, తెలియని ఫీల్డు పేరు కనిపిస్తే ఎర్రర్ వస్తుంది. బయటి డీకోడర్‌కి పెట్టినది మీ మెథడ్ లోపలికి రాదు, అక్కడ ఇంకో డీకోడర్ తీసుకుని దానికీ విడిగా పెట్టాలి.