జిప్సీ 1.3కి బయట క్యామ్: ఏది తీసుకోవాలి, చేతికొచ్చాక ఏం చూడాలి?

లంక జిప్సీ (అమలాపురం)
అందరికీ నమస్కారమండీ. మాది కార్బ్యురేటర్ జిప్సీ, 1298 సీసీ, 8 వాల్వులు. పొగ వస్తోందని హెడ్ దింపించాను. గైడ్లు, సీల్స్ మారుస్తున్నారు, హెడ్ అడుగు చదును చేయడానికి కొంచెం స్కిమ్మింగ్ కూడా పట్టారు. ఎలాగూ విప్పాం కదా, పనిలో పనిగా క్యామ్ (వాల్వుల్ని తెరిచి మూసే షాఫ్ట్) కూడా మార్చేద్దామని బుద్ధి పుట్టింది. రెండు దొరుకుతున్నాయి. ఒకటి విదేశీ సరుకు, డబ్బా మీద డ్యూరేషన్ (క్రాంక్ ఎన్ని డిగ్రీలు తిరిగేదాకా వాల్వు తెరిచి ఉంటుందో ఆ లెక్క) 280 డిగ్రీలని ఉంది. రెండోది పాత కంపెనీ క్యామ్‌నే గ్రైండింగ్ పట్టి ఇచ్చేది, 236 అంటున్నాడు, ధర మొదటిదాంట్లో మూడో వంతు. వాడకం అంటారా, రోజూ 216 హైవే మీద కాకినాడ దాకా, ఆదివారాలు లంకల్లో ఇసుక మీద. ఏడాదికోసారి ఆటోక్రాస్ పోటీ. ఏది వేయమంటారు?

కాకినాడ కుర్రోడు
280 వేసేయండి అన్నా, ఆలోచనెందుకు! ఐడిల్‌లో ఆ గుడగుడ వింటే చాలు.

తణుకు లేత్
ఆగు తమ్ముడూ. లంక జిప్సీ గారూ, ముందు ఆ 280, ఈ 236 ఎంత లిఫ్ట్ (క్యామ్ పైకి లేపిన ఎత్తు) దగ్గర కొలిచినవో కనుక్కోండి. వాల్వు అప్పుడే కదిలే చోట, అంటే 0.15 మి.మీ. దగ్గర కొలిస్తే ఒక అంకె వస్తుంది. 1.27 మి.మీ. దగ్గర, మన మెకానిక్కుల భాషలో యాభై థౌ దగ్గర కొలిస్తే ఇంకో అంకె. ఒకే లోబ్‌కి (వాల్వుని తోసే, క్యామ్ మీది ఉబ్బు) ఈ రెండు అంకెల మధ్య నలభై, యాభై డిగ్రీల తేడా మామూలే. కొందరు 1 మి.మీ. దగ్గర లెక్క చెబుతారు. కాబట్టి మీకు దొరికిన రెండూ ఇంచుమించు ఒకే క్యామ్ అయినా ఆశ్చర్యం లేదు. డబ్బా మీద అంకె చూసి కొనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

క్యామ్ కార్డు అడగండి. ఇంటేక్ ఎప్పుడు తెరుచుకుని ఎప్పుడు మూసుకుంటుంది, ఎగ్జాస్ట్ ఎప్పుడు, సెంటర్‌లైన్ (లోబ్ శిఖరం వచ్చే డిగ్రీ) ఎంత, లిఫ్ట్ ఎంత, వాల్వు గ్యాప్ ఎంత పెట్టాలి, ఇవన్నీ అందులో ఉండాలి. కార్డు లేదంటే ఆ క్యామ్ వద్దు, ఎంత చవకైనా.

భీమవరం బాబాయ్
ఆయ్, తణుకాయన మాట నూటికి నూరు పాళ్లు నిజం. అంకె తేలాక వాడకం చూడండి. లంక ఇసుకలో బండి లాగాల్సింది 2000 నుంచి 3500 ఆర్పీఎం లోపల. డ్యూరేషన్ పెరిగేకొద్దీ ఇంటేక్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది. పిస్టన్ పైకి బయల్దేరిన తర్వాత కూడా తెరిచే ఉంటుంది. ఆర్పీఎం ఎక్కువున్నప్పుడు లోపలికొచ్చే గాలి మంచి ఊపు మీద ఉంటుంది, పిస్టన్ ఎదురొచ్చినా ఇంకా నింపుతుంది. తక్కువలో ఆ ఊపు ఉండదు, పీల్చిన ఛార్జిని పిస్టన్ మళ్లీ మేనిఫోల్డ్‌లోకే నెట్టేస్తుంది. కంప్రెషన్ గేజ్ పెట్టి చూస్తే అంకె పడిపోయి కనిపిస్తుంది. పెద్ద క్యామ్ వేసేవాళ్లు కంప్రెషన్ రేషియో పెంచేది అందుకేనండీ. మీ స్కిమ్మింగ్‌తో పెరిగేది ఏపాటి?

ఓవర్‌ల్యాప్, అంటే ఇంటేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ ఒకేసారి తెరిచి ఉండే కాలం, ఆ సంగతి కూడా చూసుకోండి. అది పెరిగితే ఐడిల్‌లో మేనిఫోల్డ్ వాక్యూమ్ తగ్గుతుంది. బ్రేక్ బూస్టర్ బతికేది ఆ వాక్యూమ్ మీదే. గట్టు మీద నెమ్మదిగా పోతూ వెంటవెంటనే రెండు మూడుసార్లు బ్రేకు తొక్కితే పెడల్ రాయిలా బిగిసిపోతుంది. ఎదురుగా గడ్డి ట్రాక్టరు, పక్కన కాలువ. ఆ గుడగుడ అప్పుడు విందురుగాని. డ్యూరేషన్ ఒకటే అయినా లోబ్ సెపరేషన్ (ఇంటేక్, ఎగ్జాస్ట్ లోబుల శిఖరాల మధ్య కోణం) 106 ఉన్నదాంట్లో ఓవర్‌ల్యాప్ ఎక్కువ, 112 ఉన్నదాంట్లో తక్కువ. మీ వాడకానికి రెండో రకం.

కాకినాడ కుర్రోడు
సరే బాబాయ్, ఒప్పుకున్నా. మా అన్నయ్యది ఎంపీఎఫ్ఐ (కంప్యూటర్‌తో నడిచే ఇంజెక్షన్ బండి). దానికీ ఇదే లెక్కా?

భీమవరం బాబాయ్
ఇంకా ఒక తలనొప్పి ఎక్కువ. ఓవర్‌ల్యాప్‌లో మండని గాలి నేరుగా సైలెన్సర్ వైపు వెళ్లిపోతుంది. ఆక్సిజన్ సెన్సర్ దాన్ని చూసి మిక్చర్ పలచబడిందనుకుంటుంది, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) పెట్రోల్ కలుపుతుంది. ఐడిల్ ఎగుడుదిగుడు, నల్లటి ప్లగ్గులు. ట్యూనింగ్ లేకుండా వేయొద్దని చెప్పు.

రాజోలు బోటు డీజిల్
గ్రైండింగ్ క్యామ్‌ని మరీ అలా తీసిపారేయకండి బాబూ. మా దగ్గర పడవ ఇంజన్లకి అరిగిన క్యామ్ గ్రైండింగ్ పట్టించి ఏళ్ల తరబడి తిప్పుతున్నారు. చేసే చేయి మంచిదైతే చాలు.

తణుకు లేత్
అరిగినదాన్ని మామూలు ప్రొఫైల్‌కి తేవడం వేరు, లిఫ్ట్ పెంచడం వేరండీ. నోస్ (లోబ్ కొన) మీద కొత్తగా లోహం పుట్టదు కదా. లిఫ్ట్ పెరగాలంటే బేస్ సర్కిల్ (లోబ్ వెనకవైపు గుండ్రటి భాగం) తగ్గించాల్సిందే. అది తగ్గితే రాకర్ (లోబ్ తోపుని వాల్వుకి అందించే చేయి) కిందికి వాలుతుంది, గ్యాప్ కోసం అడ్జస్టర్ స్క్రూ బాగా కిందికి దిగుతుంది, దాని కొన వాల్వు కాడ తల మధ్యలో కాకుండా అంచున నొక్కుతుంది. గైడు పక్కవాటుగా అరుగుతుంది, ఈయన ఇప్పుడే కొత్త గైడ్లు వేయిస్తున్నారు కూడా. పైగా గట్టి పొర పైపైనే ఉంటుంది, ఎక్కువ తీస్తే కిందున్న మెత్తటి లోహం బయటపడుతుంది. తక్కువ గ్రైండింగ్ అయితే నాకూ అభ్యంతరం లేదు. బేస్ సర్కిల్ ఎంత తగ్గించాడో అడిగి, కొలిచి తీసుకోండి.

రాజోలు బోటు డీజిల్
అలా అంటే ఒప్పుకుంటా. కొలవకుండా మాత్రం మేమూ వేయమండీ.

లంక జిప్సీ (అమలాపురం)
కార్డు వచ్చింది. తణుకు గారు అన్నట్టే 280 అంటే 0.15 మి.మీ. దగ్గరట, 1.27 దగ్గర 234. గ్రైండింగ్ వాడి 236 ఎక్కడ కొలిచిందో వాడికే తెలియదు. ఆ విదేశీ రకంలోనే చిన్న ప్రొఫైల్, 256 ఉందంటే అది తెప్పించాను, సెపరేషన్ 112. ఇప్పుడు ఏమేం చూడాలి?

తణుకు లేత్
ముందు నూనె తుడిచి వెలుతురులో తిప్పుతూ చూడండి. మన తీరం గాలికి డబ్బాలో ఉన్న సరుకు కూడా తుప్పు పడుతుంది. జర్నల్ (క్యామ్ హెడ్‌లో ఆనుకుని తిరిగే గుండ్రటి భాగం) మీద పైపై మరక అయితే తుడిస్తే పోతుంది. లోబ్ నోస్ మీద, దాని వాలు మీద గుంట కనబడితే మాత్రం వెనక్కి పంపేయండి, అక్కడి నుంచే పెచ్చులు లేస్తాయి. గోరు ఆడిస్తే తగిలేది ఏదైనా అంతే. ఆకురాయితో గీకి గట్టిదనం చూస్తామనేవాళ్లని లోబ్ ముట్టుకోనివ్వకండి.

తర్వాత పాత క్యామ్ పక్కన పెట్టి పోల్చండి. పుల్లీ డౌల్ పిన్ చోటు, వెనక డిస్ట్రిబ్యూటర్ నడిపే చోటు, నూనె రంధ్రాలు. మీది కార్బ్యురేటర్ బండి, పెట్రోల్ పంపుని తోసే లోబ్ కూడా క్యామ్ మీదే ఉంటుంది. ఇంజెక్షన్ బండి కోసం చేసిన క్యామ్‌కి అది ఉండకపోవచ్చు, బిగించాక తెలిస్తే ఏడుపే.

ఇప్పుడు కొలతలు. రెండు చివరి జర్నళ్లు వీ బ్లాకుల మీద ఆనించి, మధ్య జర్నల్ మీద డయల్ గేజ్ పెట్టి ఒక చుట్టు తిప్పండి. ముల్లు 0.03 మి.మీ. లోపు ఆడితే హాయి. 0.05 దాటితే నేను వేయను. జర్నళ్లు మైక్రోమీటర్‌తో, హెడ్‌లో వాటి బోర్లు బోర్ గేజ్‌తో చూడండి. అక్కడ బేరింగ్ ముక్కలుండవు, క్యామ్ నేరుగా అల్యూమినియం మీదే తిరుగుతుంది. ప్రతి లోబ్ లిఫ్ట్ కూడా డయల్ గేజ్‌తోనే. కాలిపర్‌తో ఎత్తులోంచి వెడల్పు తీసేసి లిఫ్ట్ అనుకోవద్దు, పెద్ద డ్యూరేషన్ క్యామ్‌లో ర్యాంప్ (లోబ్ లేవడం మొదలయ్యే వాలు) ఆ వెడల్పులోకి వచ్చేసి లెక్క తప్పుతుంది. ఇంటేక్ నాలుగూ ఒకటిగా, ఎగ్జాస్ట్ నాలుగూ ఒకటిగా రావాలి.

భీమవరం బాబాయ్
స్ప్రింగులు మర్చిపోకండి. వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు స్ప్రింగు చుట్లు ఆనుకోవడానికి ఇంకా 1.5 మి.మీ. మిగలాలి. రిటైనర్ (స్ప్రింగుని పైన పట్టుకునే పళ్లెం) అడుగు నుంచి సీల్ దాకా కూడా అంతే ఖాళీ. కొత్త గైడ్లు అంటున్నారు, కాస్త ఎత్తుగా దిగ్గొట్టి ఉంటే ఈ ఖాళీయే ముందు పోతుంది.

పిస్టన్‌కి వాల్వు తగలడం సంగతి: పిస్టన్ తల మీద పిల్లల క్లే అద్ది, పాత గాస్కెట్‌తో హెడ్ బిగించి, చేత్తో రెండు చుట్లు తిప్పి విప్పండి. అచ్చుని బ్లేడుతో కోసి పలచటి చోట కొలవండి. పాత గాస్కెట్, కొత్త గాస్కెట్ మందం తేడా లెక్కలోకి తీసుకోండి. ఇంటేక్‌కి 2, ఎగ్జాస్ట్‌కి 2.5 మి.మీ. ఉండాలి. ఎగ్జాస్ట్ వేడికి సాగుతుంది కాబట్టి దానికి ఎక్కువ. స్కిమ్మింగ్ పట్టిన హెడ్డు, ఈ పని ఎగ్గొట్టొద్దు.

లంక జిప్సీ (అమలాపురం)
కొలిచానండీ. రన్ అవుట్ (తిప్పితే ముల్లు ఆడింది) 0.02, బాగుంది. ఇంటేక్ లోబులు నాలుగూ ఒకటే. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ లోబ్ మాత్రం మిగతా మూడింటికంటే 0.14 తక్కువ. మళ్లీ మళ్లీ చూశాను, అదే. అమ్మినాయన ముందు "అంత తేడా ఏమీ కాదు" అన్నాడు, డయల్ గేజ్ వీడియో పంపాక మార్చి ఇస్తానన్నాడు.

తణుకు లేత్
మార్పించండి, మొహమాటం వద్దు. కొత్తది వచ్చాక డిగ్రీ ప్లేట్ (క్రాంక్‌కి బిగించే డిగ్రీల చక్రం) పెట్టి సెట్ చేయాలి. హెడ్ స్కిమ్ చేస్తే క్యామ్ క్రాంక్‌కి దగ్గరవుతుంది, బెల్టు ఇంజన్‌లో టైమింగ్ కాస్త వెనకబడుతుంది. పిస్టన్ స్టాపర్‌తో అసలు టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైన ఉండే చోటు) పట్టి, ఒకటో ఇంటేక్ లోబ్ శిఖరానికి ఇటు 1.27, అటు 1.27 తగ్గిన చోట డిగ్రీలు రాసుకుని సగటు తీయండి. ఉదాహరణకి 74, 148 వస్తే 111. కార్డులో 108 ఉంటే 3 డిగ్రీలు ఆలస్యంగా ఉన్నట్టు. బెల్టు పన్ను జరిపితే అవసరమైనదానికంటే చాలా ఎక్కువ మారిపోతుంది, అడ్జస్టబుల్ పుల్లీ కావాలి.

రాజోలు బోటు డీజిల్
రాకర్లు కూడా కొత్తవి వేయండి. పాత రాకర్ ప్యాడ్ పాత లోబ్‌కి అలవాటు పడి అరిగి ఉంటుంది, కొత్త లోబ్‌ని తినేస్తుంది.

లంక జిప్సీ (అమలాపురం)
అలాగేనండీ. మొదటి స్టార్ట్‌కి ఏ ఆయిల్ వేయాలి?

తణుకు లేత్
లోబులకి అసెంబ్లీ పేస్ట్ దట్టంగా పూయండి. ఆయిల్ జింకు ఎక్కువున్నది. కొత్త పెట్రోల్ కారు ఆయిళ్లలో ఫాస్ఫరస్ తగ్గించేశారు, దానితోపాటే జింకూ తగ్గింది. స్టార్ట్ అయ్యాక ఐడిల్‌లో వదిలేయకుండా 2000, 2500 మధ్య మారుస్తూ ఇరవై నిమిషాలు ఉంచండి. ఐడిల్‌లో లోబుల మీదికి నూనె చిమ్మేది తక్కువ. ఫ్లోట్ నిండా పెట్రోల్, రేడియేటర్ నిండా నీళ్లు ముందే చూసుకోండి, సెల్ఫ్ కొడుతూ కూర్చుంటే పేస్టంతా తుడిచిపెట్టుకుపోతుంది.

డిగ్రీ ప్లేటు, స్టాపరు నా దగ్గరున్నాయి, ఏ ఆదివారమైనా వచ్చి పట్టుకెళ్లండి. వచ్చేటప్పుడు పాత క్యామ్ కూడా తీసుకురండి, దాని ప్రొఫైల్ కూడా కొలిచి ఇక్కడే పెడదాం.