అప్‌డేట్: పొట్టి బస్సు కొన్న, కానీ అప్పుడు అడిగింది కాదు

నెల కింద అడిగిన కదా, మహబూబ్‌నగర్‌ల అమ్మకానికి ఉన్న పాత స్కూల్ మినీబస్సు కొని లోపల మంచం, పొయ్యి పెట్టి ఇల్లు లెక్క చేసుకోవచ్చా అని. "కొనేముందు కిందికి దూరి చూడు" అన్నడు ఒకన్న. ఆ అన్నకు దండం.

మెకానిక్‌ను తోలుకపోయిన. ఇంజన్ మంచిగనే ఉంది. రంగైతే నిగనిగ. వెనక చక్రం మీద మ్యాట్ లేపి స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే తుప్పు పట్టిన నేల రేకు అప్పడం లెక్క పటుక్కుమంది, కింద రోడ్డు కనబడ్డది. "గింత వెల్డింగ్ పెడితే అయిపోతది సార్" అన్నడు అమ్మేటాయన. ఛాయ్ తాగి వచ్చేసినం.

ఆఖరికి నల్గొండల పెండ్లిళ్ల కిరాయికి తిరిగిన ఫోర్స్ ట్రావెలర్ వ్యాను తీసుకున్న. వీల్‌బేస్, అంటే ముందు చక్రాలకు వెనక చక్రాలకు నడుమ దూరం, 3350 మిల్లీమీటర్లది. 4020ది అయితే మంచం పొడుగొస్తుండె గానీ మా గల్లీల మలగదు. హైరూఫ్ (ఎత్తు కప్పుది) కాబట్టి నిటారుగ నిలబడి ఉల్లిగడ్డ కోసుకోవచ్చు. రోజూ వంగి వండుడు ఎవరితోని అయితది?

సీట్లు ఇంకా పీకలే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం మార్పులకు రవాణా శాఖ అనుమతి ముందే కావాలె. పసుపు బోర్డు (కిరాయి బండి నంబర్ ప్లేటు) సంగతి కూడా అక్కడ్నే తేలాలె. ఫైల్ పెట్టిన.

అనుమతొస్తే మొదటి ట్రిప్పు డిండి మీదుగ శ్రీశైలం. నల్లమల అడవి మొదట్ల ఉన్న మన్ననూరు ఫారెస్టు గేటు రాత్రి 9కే బంద్ చేస్తరు, పొద్దున 6 దాకా తియ్యరు. లేటైతే ఇటుపక్కనే పండుకుంటం, మంచం ఉంటది కదా.