చెలకలో టేకు ఉంది, గంపగుత్తగా అడుగుతున్నారు. ఎవరిని అడగాలి?

చెలక_టేకు: అందరికీ నమస్తే. మాది జగిత్యాల వైపు. నీళ్లు అందని ఎకరం చెలకలో నాన్న 2008లో టేకు పెట్టారు. ఇప్పుడు ఒక వ్యాపారి వచ్చి మొత్తం తోటకు గంపగుత్తగా ఒక రేటు చెప్పి, పర్మిషన్లు కూడా నేనే చూసుకుంటా, పాస్‌బుక్ జిరాక్స్, నాలుగు సంతకాలు ఇస్తే చాలు అంటున్నాడు. అది మంచి రేటో కాదో మాకు తెలియదు. వ్యవసాయ విస్తరణ అధికారిని అడిగితే చెట్లు మా పరిధి కాదన్నారు, హార్టికల్చర్ వాళ్లు పండ్ల తోటలైతే చెప్తామన్నారు. నాన్నకు డబ్బు అవసరం ఉంది, వారం నుంచి ఇదే టెన్షన్. ఎవరిని అడగాలి?

దుంగ_కొలత: అక్కా, ముందు సంతకాలు ఆపండి. గంపగుత్త బేరంలో చెట్టు కొలత తెలిసేది కొనేవాడికి ఒక్కడికే, రైతుకు నష్టం అక్కడే మొదలవుతుంది. ప్రతి చెట్టుకూ ఛాతీ ఎత్తులో టేపు చుట్టి నంబరు వేసి నోటుబుక్కులో రాయండి, తోట మొత్తం మీద లావు ఎలా ఉందో తెలుస్తుంది. దుంగ అయితే మధ్యలో చుట్టుకొలత అంగుళాల్లో తీసుకుని నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, పొడవు అడుగులతో గుణించి 144తో భాగిస్తే సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు) వస్తుంది. 32 అంగుళాల చుట్టు, 9 అడుగుల దుంగ అంటే 4 సీఎఫ్‌టీ. ఈ లెక్క అసలు ఘనపరిమాణంలో 78 శాతమే చూపిస్తుంది, అంటే కొనేవాడికి అనుకూలమైన లెక్కే. ఆపైన తరుగు అంటే ఒప్పుకోకండి. తర్వాత రెండు మూడు సామిల్లుల్లో ఆ లావు టేకు సీఎఫ్‌టీ ఎంతకు కొంటారో అడగండి, చేవ (లోపలి గట్టి కర్ర) ఎంత ఉందన్నదాన్ని బట్టి రేటు చాలా మారుతుంది.

రిటైర్డ్_ఫారెస్ట్: అమ్మా, పట్టా భూమిలోదైనా టేకు నరకాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అటవీ శాఖ అనుమతి ఉండాలి. జామాయిల్, సుబాబుల్, సరుగుడుకు ఉన్న మినహాయింపు టేకుకు లేదు. దరఖాస్తు నాన్నగారి పేరు మీదే, మీ చేతులతోనే పెట్టించండి. రేంజ్ ఆఫీసు వాళ్లు వచ్చి చెట్లు లెక్కపెట్టి కొలుస్తారు. నరికాక దుంగలకు అటవీ శాఖ సుత్తి ముద్ర పడాలి, బండి కదలాలంటే రవాణా పర్మిట్ ఉండాలి. భూమి అడవి హద్దును ఆనుకుని ఉంటే సర్వే కూడా అడుగుతారు, దానికి టైం పడుతుంది. మీ పర్మిట్ మీద వేరే చోటి కలప కలిపి పంపితే జవాబు చెప్పాల్సింది పట్టాదారే. అందుకే పాస్‌బుక్, ఖాళీ కాగితాల మీద సంతకాలు వ్యాపారికి ఇవ్వకండి.

గట్టు_మీద_చెట్టు: ఇది ఒక్క ఇంటి సమస్య కాదు. వరి, పత్తికి ఐదువేల ఎకరాలకొక ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) ఉన్నారు, చెట్టు పెంచిన రైతుకు మాత్రం ఎవరూ లేరు. 2014లోనే జాతీయ అగ్రోఫారెస్ట్రీ (పొలాల్లో చెట్ల పెంపకం) విధానం వచ్చింది, 2015 నుంచి హరితహారంలో గట్ల మీద టేకు నాటించారు. నాటేటప్పుడు అందరూ వచ్చారు, ఎప్పుడు పలచన చేయాలి, ఏ కొమ్మ తీయాలి, ఎంతకు అమ్మాలి అని చెప్పేవాళ్లు మాత్రం రాలేదు. ఎకరం, రెండెకరాలవాళ్లం పదిమంది కలిసి ఒక కొలతగాణ్ని పెట్టుకుని, అందరి దుంగలూ ఒకేచోట వేలం వేస్తే వ్యాపారులే పోటీ పడతారు. నాకు పెద్ద పెద్ద స్కీముల కంటే మండలానికొక్క మనిషి, చేతిలో టేపుతో, కావాలి.

చెలక_టేకు: అందరికీ థాంక్స్. ఆదివారం ఊరికెళ్లి కొలుస్తాం. కానీ మొత్తం నరకకుండా కొన్నే అమ్మొచ్చా?

దుంగ_కొలత: అమ్మొచ్చు, నాకైతే అదే మంచిదనిపిస్తుంది. వంకరవి, పక్క చెట్ల నీడలో ఎదగనివి ముందు తీయండి. మిగిలినవాటికి వెలుతురు, చోటు దొరికి లావెక్కుతాయి. ఏవి తీయాలో చెట్ల మీద మీరే సున్నం గుర్తు పెట్టండి, వ్యాపారికి వదిలితే నిటారుగా ఉన్నవే కొట్టుకెళ్తాడు. దరఖాస్తులో కూడా అవే నంబర్లు రాయండి.